గాసు బువ్వ

ఇది ఎనభైల నాటి ముచ్చట. మెట్‌పల్లి పక్క ఊళ్లో, అంతయ్య ఇంట్లో పొయ్యి వెలిగిందంటే అతని భార్య దేవవ్వకు దగ్గు మొదలయ్యేది. గొట్టంతో ఒకసారి ఊదడం, కొంగు అడ్డం పెట్టుకుని నాలుగుసార్లు దగ్గడం. వానాకాలం పచ్చికట్టెలైతే ఇక చెప్పనక్కర్లేదు. ఇంట్లో అందరికీ ఆ దగ్గు అలవాటైపోయింది, ఒక్క కూతురు అనసూర్యకు తప్ప.

అనసూర్య పదో తరగతి. బడికి వచ్చిన ఆఫీసరొకాయన పెండతో మంట ఎలా పుడుతుందో బొమ్మ గీసి చెప్పిన రోజు నుంచి ఆ పిల్ల తండ్రిని ఊపిరి పీల్చుకోనివ్వలేదు.

"గుట్ట మీద చెట్లు కొట్టుడు బందైతది బాపూ. అవ్వకు పొగ తప్పుతది" అని తల్లిని చూపించేది.

పొద్దున అదే పాట, అన్నం ముందు అదే పాట. అంతయ్య మెత్తటి మనిషి. చివరికి పెరట్లో గోబర్ గ్యాస్ గుంత కట్టించాడు. తండ్రీకూతుళ్లిద్దరూ మోచేతుల దాకా పెండ పూసుకుని కలిపి పోశారు. నీలం మంట లేచిన రోజు దేవవ్వ ఒక్కసారి కూడా దగ్గకుండా వంట చేసింది.

అంతా బాగానే ఉంది గానీ, నాయనమ్మ పోశవ్వ కంచం ముందు కూర్చుని ముక్కు మూసుకుంది.

"గాసు మీద వండిన బువ్వ నా నోట్లకు పోదు."

అత్త మాట కాదనలేక దేవవ్వ మళ్లీ కట్టెలపొయ్యి రాజేసింది. ఒక్క మనిషి బువ్వకైనా పొగ పొగే కదా! కొత్త పొయ్యి ఉండగానే పాత దగ్గు తిరిగొచ్చింది. అనసూర్యకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"పెండంటే నీకు గంత రోతనా బాపమ్మా? పొద్దుగాల లేచి వాకిట్ల చల్లేది నువ్వే గదా!"

పోశవ్వ బిత్తరపోయింది. "నడుమ పెండ ముచ్చటెందుకే? గాసునూనెతోని వండుతున్నరు, బువ్వంత గదే కంపు!"

అప్పుడు వెలిగింది అనసూర్యకు. ఆ ఊళ్లో గాసు అంటే బుడ్డిదీపంలో పోసే కిరోసిన్. ఇంటిల్లిపాదీ గాసు గాసు అని జపం చేశారే తప్ప, ముసలమ్మకు విడమరిచి చెప్పిన వాళ్లు లేరు. లేని కంపు కూడా ఆమె ముక్కుకు తగిలిందంటే తప్పు ఆ ముక్కుది కాదు.

అనసూర్య ఆమె చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయింది. పోశవ్వ గుంతలోకి తొంగి చూసింది. అక్కడి నుంచి పొయ్యికి వచ్చే గొట్టాన్ని చేత్తో తడుముకుంటూ వంటింటి దాకా వచ్చింది. పొయ్యి మీదికి వంగి వాసన చూసింది.

"దీంట్ల గాసునూనె లేదా?"

"సుక్క గూడ లేదు."

"మరి గాసని పేరెందుకు వెట్టిండ్రే, మీ పాడుగాను! పెండపొయ్యంటే నాడే తినకపోదునా?"

కట్టెలపొయ్యి ముందు కళ్లు నులుముకుంటున్న కోడలి చేతిలోంచి ఊదే గొట్టం లాక్కుంది. "లే బిడ్డా. నాకు గూడ గా పొయ్యి మీదనే వెట్టు."

అనసూర్యకు గుండెల మీది బండ దించినట్టయింది.

బతుకమ్మ పండుగ దగ్గరపడుతుండగా, ఒక పొద్దున వంటింట్లోంచి పాట వినిపించింది. పక్కింటి వాళ్లెవరో వచ్చారనుకుని అనసూర్య వెళ్లి చూసింది. ఎవరూ లేరు. తల్లి పప్పు కలుపుతూ తనలో తాను పాడుకుంటోంది. గొంతు సన్నగా ఉంది, కానీ ఎక్కడా తెగడం లేదు.

"పెండ్లయి వచ్చిన కొత్తల రోజూ పాడేది మీ అవ్వ" అంది పోశవ్వ వెనక నుంచి. "తర్వాత బందు వెట్టింది. మర్శిపోయిందనుకున్న."

అనసూర్య గడపలోనే నిలబడిపోయింది. పుట్టినప్పటి నుంచీ ఒకే ఇంట్లో ఉంటున్నా, తల్లికి పాటలు వచ్చునని ఆమెకు ఆ రోజే తెలిసింది.