రెండు వేళ్ళ గుడ్డ

తడి గుడ్డ మీద ఇస్త్రీ పెట్టె వాలుతుంది.

చుయ్...

ఆవిరి లేస్తుంది. పొద్దుటి పొగమంచులా తెల్లగా, మెత్తగా లేచి నా ముఖాన్ని ఒకసారి తాకుతుంది. తర్వాత కిటికీ అద్దం దాకా పోయి, అక్కడ బొట్లు బొట్లుగా నిలబడిపోతుంది.

నూలుకి ఒక వాసన. ఉన్నికి ఒక వాసన. వేడి తగిలితేనే అవి బయటికొస్తాయి.

ఆ వాసనలు ఇప్పుడు నాకు మళ్ళీ తెలుస్తున్నాయి. మధ్యలో ఒక ఏడాది తెలియలేదు.

ఆ ఏడాది... నేను నిప్పుతో మాటలు మానేశాను.

మా కుట్టు కొట్టు ఒకటే గది. గది మధ్యలో పొడవాటి కత్తిరింపు బల్ల, దాని వెనక మాస్టారు. గుమ్మం పక్కన పీట మీద గుండీలత్త. గుండీలు, కాజాలు, చేతికుట్లు ఆమె పని. అసలు పేరు ఆమెకే గుర్తుందో లేదో. కిటికీ కింద మిషను మీద నేను.

కొట్టుకి ఒక పద్ధతి ఉంది. ఏ బట్ట కుట్టినా పక్క కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ వదలాలి. అది బయటికి కనపడదు. తొడుక్కున్న వాళ్ళకి కూడా తెలియదు. మాస్టారు దానికి టేపు వాడరు. రెండు వేళ్ళు ఆనించి సుద్దతో గీత గీస్తారు, అంతే.

"కొలత ఇవాళ్టిది తల్లీ. మనిషి రేపు కూడా ఉంటాడుగా," అంటారు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఒంటిగంటకి బల్ల మీది గుడ్డలు పక్కకి జరుపుతారు. ఇస్త్రీ పెట్టెను తిరగేసి రెండు ఇటుకల మధ్య నిలబెట్టి, దాని మీద డబ్బాలు ఒక్కొక్కటే వేడి చేస్తారు. తినే ముందు ఎవరి డబ్బాలోంచైనా ఒక ముద్ద పక్కవాళ్ళ మూతలోకి వెళ్ళాలి. ఎవరు పెట్టారో ఈ నియమం... ఎవరికీ తెలియదు. నేను పనిలో చేరిన రోజు నన్నెవరూ ఏమీ అడగలేదు. డబ్బా విప్పేసరికి నా మూతలో రెండు ముద్దలు ఉన్నాయి.

అలాంటి చోట నేను మూత బోర్లించాను.

మొదలు చాలా చిన్నది. కడుపులో మంట. ఏం తిన్నా బరువు. ఫోనులో ఒకామె చెప్పేది — నిప్పు తగిలిన తిండి చచ్చిన తిండి అని. ఆమె ముఖం మంచు పడిన ఆకులా మెరిసేది. నాకూ అలా మెరవాలని ఉండేది. ఎవరికుండదు?

ఒక పొద్దున ఒక ఆపిల్ పండు. మర్నాడు దోసకాయ, నానబెట్టిన బఠానీలు.

నిజం చెప్పాలి. మొదట బాగుండేది. మంట తగ్గింది. మెట్లు ఎగిరినట్టు ఎక్కేదాన్ని. అక్కడే ఆగి ఉంటే బాగుండేది.

ఆగలేదు.

ముందు పొయ్యి మీది వంట పోయింది. తర్వాత రొట్టె. తర్వాత పాలు, కాచినవి కదా. ఎండబెట్టిన పళ్ళు కూడా వదిలేశాను. ఎండ కూడా నిప్పేగా అనుకున్నాను.

ఎండ కూడా నిప్పేగా...

ఆ మాట అనుకున్న రోజు నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు వస్తుంది. కొంచెం.

అమ్మ పండు కోసి పెడితే పక్కన పెట్టేదాన్ని. ఆ కత్తి వేడి రొట్టెను కోసిన కత్తి. నాకో కత్తి, నాకో పళ్ళెం, నాకో గిన్నె వేరే తెచ్చుకున్నాను. వాటిని అమ్మ కడిగితే మళ్ళీ నేను కడిగేదాన్ని. అమ్మ ఒక్కసారే అడిగింది. నన్ను చూసి కాదు, తన అరచేతిని చూసుకుంటూ.

"నా చేతికేమైందే?"

నేను ముక్కలు నముల్తూ లెక్కపెట్టుకుంటున్నాను. ముప్పై రెండు, ముప్పై మూడు...

కొట్టులో ఒంటిగంట అయితే కిటికీ వైపు తిరిగి కూర్చునేదాన్ని. నా డబ్బాలో ఆకులు, ముక్కలు. నా మూత బోర్లా.

ఎంత చిన్న పని... మూత బోర్లించడం. చప్పుడు కూడా రాదు.

గుండీలత్త ఊరుకుంటుందా? నేను గుమ్మంలో అడుగు పెట్టగానే మొదలు.

"మేకపిల్ల వచ్చిందయ్యా, గుడ్డలు దాచుకోండి."

మాస్టారు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఆమె రోజూ ఆ మాట అనేది, అని నా ముఖం వైపు చూసేది. కొన్నాళ్ళకి నాకు నవ్వు రావడం మానేసింది. అప్పటినుంచి ఆమె ఆ మాట అనడం మానేసింది.

వెక్కిరింపు అనుకున్నాను. కాదు. ఆమె రోజూ ఒక సూది గుచ్చి చూసేది... ఇంకా స్పర్శ ఉందా అని.

అందరికీ ఉక్కపోత. నాకు చలి.

దువ్వెన నిండా జుట్టు. గోళ్ళు నీలం. సూదిలో దారం ఎక్కించాలంటే సూది రెండుగా కనపడేది. నెలలు వచ్చాయి, పోయాయి. నాకు రావలసింది మాత్రం రాలేదు. అదీ శుభ్రమే అనుకున్నాను.

పని లేనప్పుడు ఇస్త్రీ బల్ల దగ్గరికి పోయి నిలబడేదాన్ని. చేతులు చాచి, ఆవిరిలో పెట్టి.

నా తిండికి నిప్పు వద్దన్నాను. నా చేతులు మాత్రం నిప్పును వెతుక్కుంటూ పోయేవి.

నాకో ఆకుపచ్చ గౌను ఉంది. పనిలో చేరిన కొత్తల్లో మాస్టారే కత్తిరించారు. అది వదులవుతూ ఉంటే పక్కల్లో ఒక వరస కుట్టు లోపలికి వేశాను. నెల తిరిగాక ఇంకో వరస. తర్వాత ఇంకోటి. నాలుగు వరసలయ్యాక లోపలి గుడ్డ మందమై పక్కటెముకలకి ఒరుసుకునేది. చర్మం ఎర్రబడేది. గౌను తీసుకుపోయి మాస్టారుకిచ్చాను. ఆ మిగులు మొత్తం కత్తిరించేయమన్నాను. ఇంక నాకు అవసరం లేదన్నాను.

ఆయన గౌను తిరగేసి నాలుగు వరసలూ చూశారు. వేలితో ఒక్కొక్కటే తడిమారు.

మర్నాడు తిరిగిచ్చారు. "తీసేశాను తల్లీ. ఎముకకి ఒరుసుకోకుండా మెత్తటి పట్టీ వేశాను."

నిజమే. పక్కల్లో పాత మెత్తటి గుడ్డ పట్టీ. తొడుక్కుంటే ఎవరో రెండు పక్కలా చేతులాన్చి పట్టుకున్నట్టుండేది.

ఆ రోజుల్లోనే నేనొక తప్పు చేశాను.

నాకు అదనం అన్న మాటంటేనే ఒళ్ళు జలదరించేది. పళ్ళెంలోనైనా, గుడ్డలోనైనా. మా వీధి బస్సు కండక్టరమ్మ కూతురి గౌను నా మిషను మీదికొచ్చింది. కుట్టాక లోపలికి తిప్పి చూశాను. రెండు వేళ్ళ గుడ్డ. వదులుగా, వేలాడుతూ... ఎందుకిది? కత్తెర తీసుకుని కుట్టు వెంబడి గీసినట్టు కోసేశాను. ఎంత శుభ్రంగా ఉందో అనుకున్నాను.

నాలుగు నెలల తర్వాత కండక్టరమ్మ పిల్లను వెంటబెట్టుకొచ్చింది. వానకి లేచిన మొక్కలా సాగింది పిల్ల. గౌను భుజాల దగ్గర, పక్కల దగ్గర పట్టేసింది. కొంచెం వదులు చెయ్యమని అడిగి, బస్సు వేళయిందని వెళ్ళిపోయింది. ఆమెకి తెలుసు, ఈ కొట్టులో కుట్టు విప్పితే గుడ్డ ఉంటుందని.

మాస్టారు కుట్టు విప్పారు.

గుడ్డ లేదు.

ఎవరు కోశారని ఆయన అడగలేదు. నేనే లేచి వెళ్ళాను.

"శుభ్రంగా ఉంటుందని, మాస్టారూ..."

"పెరిగే పిల్లకి శుభ్రం కాదమ్మా, చోటు కావాలి."

గౌను చేతిలో ఉంది. ఆయన చూపు మాత్రం గౌను మీద లేదు. నా మణికట్టు మీద ఉంది.

తర్వాత వేరే రంగు పట్టీలు పక్కల్లో అతికి ఆ గౌనును పెద్దది చేశారు. పిల్లకి అది భలే నచ్చింది. పట్టీ మీద వేలు పెట్టి పైనుంచి కిందికి బర్రుమంటూ బస్సు నడిపింది. నడుము దగ్గర ఆపి, దిగేవాళ్ళు దిగాలంది. గుండీలత్త పగలబడి నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. నా కత్తెర చప్పుడే నాకు వినపడుతోంది.

అయినా మూత బోర్లానే ఉంచాను.

ఒక మధ్యాహ్నం ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డాను, ఎప్పటిలాగే వేడి కోసం. వాసనొచ్చిందట. నూలు మాడిన వాసన కాదు. నాకు తెలియలేదు. గుమ్మం పక్కన కూర్చున్న గుండీలత్తకి తెలిసింది. ఒళ్ళోని గుండీలన్నీ చెల్లాచెదురుగా పడిపోతుంటే పరుగెత్తుకొచ్చి, నా ఎడమ చేతిని ఇస్త్రీ పెట్టె మీంచి లాగి నీళ్ళ గిన్నెలో ముంచింది.

నీళ్ళలో చూసుకున్నాను. చెయ్యి అంచు తెల్లగా బొబ్బలెక్కి ఉంది.

"చెయ్యి కాలుతుంటే తెలీలేదటే నీకు?"

ఎప్పుడూ ఏదో ఒక వెటకారం ఆడే మనిషి... గిన్నెలో నా చెయ్యి వదలకుండా పట్టుకుని కూర్చుంది. ఆమె చెయ్యి ఎంత వేడిగా ఉందో. ఆ రోజు నాకు తెలిసిన వేడి అదొక్కటే.

డాక్టరమ్మ చేతికి కట్టు కట్టింది. తర్వాత రెండో చేతి మణికట్టు పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. అమ్మను లోపలికి పిలిచి, నా ముందే చెప్పింది.

"గుండె అలిసిపోయిందమ్మా. ఇలాగే పోతే ఒకరోజు ఆగిపోతుంది."

నా వైపు తిరిగింది. "నిన్ను తిట్టను. ఇది మొండితనం కాదు, జబ్బు. జబ్బుని జబ్బనుకుంటే తగ్గించుకోవచ్చు."

నా మీద నాకున్న కోపమంతా ఆ ఒక్క మాటతో కాస్త పక్కకి జరిగింది. వారం వారం రమ్మంది. ఓపిగ్గా వినే ఇంకొకామె దగ్గరికీ పంపింది. ఉడికినవి కొంచెం కొంచెంగా తినమంది. బిగుతు బట్టలు వద్దంది.

అమ్మ రోజూ ఒక బంగాళదుంప ఉడకబెట్టేది. ఒక్కటే. పళ్ళెంలో పెట్టి రెండుగా చీల్చేది. ఆవిరి లేచేది. తన సగం నా ఎదురుగా కూర్చుని నెమ్మదిగా తినేది. తినమనేది కాదు. నా సగం చల్లారేది. అమ్మ తీసుకుపోయేది. మర్నాడు మళ్ళీ ఒక దుంప, మళ్ళీ రెండు సగాలు.

నాకు చావంటే భయం లేక కాదు. ఉడికిన దుంపంటే అంతకన్నా భయం. చెప్పుకుంటే నవ్విపోతారు. కానీ నిజం అదే.

ఒక ఉదయం ఆకుపచ్చ గౌను ముందేసుకుని మెట్ల మీద కూర్చున్నాను. ఎంత వదులు చేయగలిగితే అంత చేద్దామని. కట్టు కట్టిన చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పట్టీ కుట్లు ఒక్కొక్కటే విప్పాను. మాస్టారు వేసిన మెత్తటి పట్టీ ఊడొచ్చింది.

దాని కింద —

గుడ్డ.

రెండు వేళ్ళ గుడ్డ. దాంతోపాటు నేను లోపలికి మింగించిన నాలుగు వరసల గుడ్డ కూడా. ఒక్క పోగు తెగలేదు. చక్కగా మడిచి, ఒరుసుకోకుండా అణిచి, తెల్లదారంతో పొడుగు కుట్లు వేసి ఉంది. తేలిగ్గా విప్పుకునేలా.

తీసేశాను తల్లీ, అన్నారు.

ఒక్క దారం పోగు కూడా కొలత తప్పని మనిషి. నా కోసం అంత పెద్ద అబద్ధం ఆడారు. ఆడి, దాన్ని చేత్తో కుట్టారు.

గౌను పైన రంగు ఎప్పుడో వెలిసిపోయింది. లోపల మడతలో ఉన్న గుడ్డ మాత్రం అలాగే ఉంది... చిగురు రంగులో. నేను ఏరికోరి కొనుక్కున్న రోజున ఎలా ఉందో అలా.

మెట్ల మీద ఎండ పడింది. ఎండ కూడా నిప్పే. నేను లేచి నీడలోకి పోలేదు.

ఆ రోజు నా సగం దుంప చల్లారలేదు. సగంలో సగం. అంతే తిన్నాను. ఏడుస్తూ తిన్నాను. అమ్మ పళ్ళెం వైపు చూడనట్టు నటించింది. పాపం, ఆ విద్య ఆమెకి అసలు రాదు.

చెయ్యి మానాక కొట్టుకి వెళ్ళాను. ఆకుపచ్చ గౌనులోనే. పక్కల్లో ఒక వెంట్రుకమందం గీత, చిగురు రంగుది, కొత్తగా కనపడుతోంది. మాస్టారు కత్తెర ఆపి చూశారు.

"ఒక్క వరసే విప్పావా?"

"ప్రస్తుతానికి, మాస్టారూ."

"తొందరేం లేదు. గుడ్డ ఎక్కడికీ పోదు."

నేను చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. ఈలోగా గుమ్మం పక్కనుంచి —

"మేకపిల్ల వచ్చిందయ్యా. గుడ్డలు దాచుకోండి."

అని, నా ముఖంలోకి చూసింది.

నవ్వాను అత్తా. చూశావా... నవ్వాను.

ఒంటిగంట అయింది. గుడ్డలు పక్కకి జరిగాయి. ఇస్త్రీ పెట్టె రెండు ఇటుకల మధ్య నిలబడింది. మాస్టారు డబ్బా, అత్త డబ్బా, వాటి వెనక నా డబ్బా. అమ్మ పెట్టిన దుంప సగం, దోసకాయ ముక్కలు వేరేగా. దోసకాయతో నాకు గొడవేమీ లేదు.

మూత చేతిలోకి తీసుకున్నాను. బల్ల మీద వెల్లకిలా పెట్టాను.

ఎవరూ చూడలేదు. ఎవరూ చూడనట్టే ఉన్నారు. ఒక ముద్ద అటునుంచి వచ్చింది, ఒక ముద్ద ఇటునుంచి వచ్చింది. నేను దోసకాయ ముక్క తీసి అత్త మూతలో పెట్టాను. గడ్డి నాకెందుకే అని గొణిగింది. గొణుగుతూనే నోట్లో వేసుకుంది.

మొదటి ముద్ద తిన్నాను. వేడి... నాలుక మీద, గొంతులో, ఇంకా లోపల, నేనెప్పుడో మడిచి కుట్టేసిన చోటు దాకా.

రెండో ముద్ద అలాగే ఉంది. దాని వైపు చూస్తూ కూర్చున్నాను. తింటానో లేదో. ఇవాళ తిన్నా, రేపు ఈ మూతను ఎలా పెడతానో...

ఆవిరి లేస్తోంది.

తెల్లగా, మెత్తగా లేచి నా ముఖాన్ని తాకి, మూత అంచున బొట్లు బొట్లుగా నిలబడుతోంది.