వెంకటరావమ్మ నెత్తురు

కోడలి పుట్టింటి నెత్తురు మంచిది కాదని వెంకటరావమ్మ ప్రత్తిపాడులో చెప్పని ఇల్లు లేదు. అయిదేళ్ల మనవరాలు నాగమణికి పుట్టినప్పటినుంచీ కళ్లు పచ్చగానే ఉండేవి. పొట్టలో ఎడమవైపు బల్ల, అంటే ప్లీహం, పెరిగి చేతికి గట్టిగా తగిలేది. పసరు పోయించారు, వాతలు పెట్టించారు. తగ్గలేదు. ఒకరోజు మిరపకళ్లంలో కూలీలందరి ముందూ, "రోగం దాచిపెట్టి నా కొడుక్కి అంటగట్టారే మీవాళ్లు!" అని కోడలు శేషారత్నాన్ని ఏడిపించింది.

ఎనభై ఆరు వేసవిలో శేషారత్నం పట్టుబట్టి, మొగుణ్ణి వెంటబెట్టుకుని పిల్లని గుంటూరు బ్రాడీపేటలో డాక్టరు బాలత్రిపురసుందరి దగ్గరికి తీసుకెళ్లింది. వెంకటరావమ్మా బయల్దేరింది. తోడుకి కాదు, కోడలి తప్పు డాక్టరు నోట వినడానికి.

"తల్లిదండ్రులిద్దరి రక్తమూ చూడాలి," అంటూ డాక్టరమ్మ ఆమె వంక తిరిగింది. "పెద్దమ్మగారూ, మీ కళ్లూ పచ్చగానే ఉన్నాయే! పిత్తాశయంలో రాళ్లేమన్నా వచ్చాయా?"

"వస్తే? వేడిచేసి వచ్చాయి!" వెంకటరావమ్మ భగ్గుమంది. చెయ్యి చాపింది. "నాదీ తియ్యండి. మచ్చ ఎవరి నెత్తుట్లో ఉందో తేలిపోద్ది."

మూడోరోజు తేలింది.

"రక్తకణం బిళ్లలాగా పల్చగా ఉండాలి," అంది డాక్టరమ్మ. "ఈ పిల్లవి గోళీల్లాగా గుండ్రంగా ఉన్నాయి. అలాంటివి బల్లలోంచి దూరలేక చితికిపోతాయి. అందుకే ఈ పచ్చదనం. పల్చటి ఉప్పునీళ్లలో వేస్తే శేషారత్నం కణాలు నిలబడ్డాయి. పిల్లవీ, మీ అబ్బాయివీ, మీవీ పగిలిపోయాయి. ఇది ఒక్కరి నుంచి వచ్చినా చాలమ్మా. ప్రతి కాన్పులోనూ సగం అవకాశం ఉంటుంది. మీకు మీ అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చుంటుంది."

వెంకటరావమ్మకి తండ్రి పచ్చటి కళ్లు గుర్తొచ్చాయి. తాగి తాగి అలా అయ్యాడని ఊరంతా అనేది. చుక్క ముట్టలేదని ఆయన ఒట్టేసి ఏడ్చినా తల్లి నమ్మలేదు, తనూ నమ్మలేదు. వీధిలోకి వచ్చాక కోడలి జబ్బ పట్టుకుంది.

"ఇది ఊళ్లో పొక్కిందో, నీ కాళ్లు విరగ్గొడతా."

"చెప్తాను అత్తయ్యా. రేపే చెప్తాను."

కొడుకు వెంకటనారాయణ తల వంచుకుని నిలబడ్డాడు.

అన్నట్టే మర్నాడు కళ్లంలో కూలీల మధ్య నిలబడి శేషారత్నం అంతా చెప్పింది. "అయితే ఇన్నాళ్లూ ఈవిడదేనా!" అని కూలీల్లో ఒకతె, ఎలీసమ్మ, పకపకా నవ్వింది. వెంకటరావమ్మ కోడలి మీదికి చెయ్యెత్తింది. శేషారత్నం ఆ చెయ్యి గాల్లోనే పట్టుకుంది.

"అయిదేళ్లు పడ్డాను. ఇంక చాలు."

ఆరోజే ఆ ఇంట్లో రెండో పొయ్యి వెలిగింది.

మరుసటేడు పిల్లకి ఆరో ఏడు నిండాక గుంటూరులో ఆపరేషన్ చేసి బల్ల తీసేశారు. వెంకటరావమ్మ ఆస్పత్రి గుమ్మం తొక్కలేదు. నాగమణి ఇంటికొచ్చిన నెలకి, వసారాలో ఆడుకుంటుంటే దగ్గరికి లాక్కుని కనురెప్పలు పైకెత్తి చూసింది. కళ్లు తెల్లగా ఉన్నాయి. గుండెల్లోంచి బరువు దిగినట్టయింది. అవతల వంటింట్లో శేషారత్నం గిన్నెలు సర్దుతోంది. వెంకటరావమ్మ అటువైపు ఓసారి చూసింది.

"నా దగ్గరెందుకు, పో, మీ అమ్మ దగ్గరికి పో," అని పిల్లని విసురుగా తోసేసింది.