జవాబు ఆమె వంతు

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం, పిల్లల్ని కాలేజీకి పంపనంటున్న ఇళ్లకు వెళ్లడం మాకు ఏటా అలవాటు. మాకు అంటే నాకూ, నా భార్య అనూరాధకూ. ఇద్దరం సాలూరులో ఒకే బడిలో పాఠాలు చెప్పేవాళ్లం. ఆ ఇళ్లలో పనిని పంచుకునేవాళ్లం. తండ్రి వాదమంతా విని, ఆయన తల ఊపేదాకా దాన్ని తిరిగి చెప్పడం నా వంతు. జవాబు ఆమె వంతు. తరగతిలో పిల్లలకూ అదే నేర్పాం. ఎదుటి మనిషి మాట ముందు సరిగా చెప్పాలి, తరవాతే మన మాట.

ఆమె పోయాక ఇది మొదటి వేసవి. ఈసారి ఒక్క ఇంటికే వెళ్లాను.

రేఖకు రాజాంలో కాలేజీ సీటు వచ్చింది, హాస్టలుతో సహా. తండ్రి ఎర్రన్న వద్దన్నాడు. ఆయన లారీలకు రంగులు వేస్తాడు. నేను వెళ్లేసరికి షెడ్డులో ఒక కొత్త లారీ వెనక చెక్క మీద, రేఖ ఎర్ర అక్షరాలకు తెల్ల అంచు దిద్దుతోంది.

"ఒక్కరే వచ్చేరా బాబూ," అన్నాడు ఎర్రన్న. వెంటనే తల దించుకుని, "విన్నాను. కూకోండి," అని స్టూలు తుడిచాడు.

నేను నోరు తెరవకముందే ఆయనే మొదలుపెట్టాడు.

"మీరెందుకొచ్చేరో నాకు తెల్సు. మా పెద్దోడు నాగబాబుని సదివించేను కదా. ఏటయింది? డిగ్రీ అయ్యేసరికి ఆడికి సెయ్యి పోయింది. గీత గీస్తే వణుకుతాది. ఇప్పుడు విశాఖలో బట్టల కొట్లో సీరలు మడత పెడతన్నాడు. దీని సెయ్యి సూడండి. ఇదీ పోవాలా?"

"మీరనేది ఇదీ," అన్నాను. "చేతి పని ఈ వయసులోనే కుదురుతుంది. కాలేజీ ఆ ఏళ్లను తీసుకుంటుంది. బదులుగా ఏమిస్తుందో ఎవరూ చెప్పలేరు. నాగబాబుకు మంచి ఉద్యోగమూ రాలేదు, పనీ మిగల్లేదు. చదువంటే మీకు కోపం లేదు. ఉన్నదాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేదు."

ఎర్రన్న తల ఊపాడు. "అద్గదీ. నాకంటే బాగా సెప్పేరు."

నేను ఆగాను. పక్కన ఇంకొకరికి చోటు వదిలినట్టు కుడిపక్కకు కొంచెం జరిగి కూర్చున్నాను. రోడ్డు మీద లారీ ఒకటి వెళ్లింది. ఎవరు మాట్లాడాలని ఎదురుచూస్తున్నానో అప్పుడుగాని నాకు తెలియలేదు.

"మాస్టారే ఒప్పేసుకున్నారు. ఒసే రేఖా, టీ ఎట్టవే," అన్నాడు ఎర్రన్న తేలిగ్గా.

రేఖ లేవలేదు. బ్రష్‌ను కిరసనాయిలు డబ్బాలో పెట్టి నావైపు చూసింది. సగం జవాబు రాసి పేపరు ఇచ్చేసిన పిల్లల వైపు నేను చూసే చూపు అది.

"ఉండండి ఎర్రన్నా. అది మీ మాట. నా మాట ఇంకా చెప్పలేదు."

అన్నాను గాని, ఏం చెప్పాలో తెలియదు. అనూరాధ ప్రతి ఇంట్లో వేరే జవాబు చెప్పేది. చివరికి నాకు తెలిసినదే చెప్పాను.

"కాలేజీలో చదివింది చాలావరకు మరిచిపోయాను. మా ఇంట్లో నేనేమన్నా అందరూ ఔననేవారు. కాలేజీలోనే ఒక మనిషి, నువ్వు చెప్పేది తప్పు, ఎందుకో చెప్తాను కూర్చో అంది. మొన్న మొన్నటిదాకా చెప్తూనే ఉంది. అలాంటి మనిషి నాకు ఇంటి దగ్గర దొరికేది కాదు."

"అంటే మొగుణ్ణి ఎతుక్కోడానికా బాబూ, కాలేజీ?"

"నాన్నా," అంది రేఖ.

"కాదు. రేఖ మాట మీరు వింటారు, కూతురు గనక. తనకు ఏమీ కాని వాళ్లు కూడా తన మాట వినాలి, కాదనాలి. తను మళ్లీ చెప్పుకోవాలి. అది షెడ్డులో జరగదు."

ఎర్రన్న లారీ దగ్గరకు వెళ్లి కూతురు దిద్దిన అంచు చూశాడు.

"సెలవలకొచ్చి బ్రష్ పట్టాల," అన్నాడు కూతురితో. "సెయ్యి వణికిందో, మళ్లీ పంపను."

రేఖ టీ పెట్టడానికి లేచింది.

బొబ్బిలిలో మా ఇంటికి వెళ్లే బస్సులో కూర్చున్నాక నా జవాబులో లోపం కనిపించింది. నాగబాబూ కాలేజీకి వెళ్లాడు. అతనికి అలాంటి మనిషి దొరికినట్టు లేదు. రేఖకు దొరుకుతుందని నేనేం చూసి చెప్పాను? ఎర్రన్న అది అడగలేదు. అనూరాధ అయితే షెడ్డు దాటకముందే అడిగేది.

ఇంటికి వచ్చి తాళం తీశాను. ముందుగదిలో నిలబడి ఎర్రన్న వాదాన్ని మొదటినుంచి, ఈసారి నాగబాబుకు ఎవరూ దొరకలేదన్న మాటతో సహా, పైకి చెప్పాను. చెప్పి ఆగాను.