ఎర్ర రుమాలు ఏమైంది

సినిమావాళ్లు నన్ను రుమాలక్క అంటారు. ముప్పై ఏళ్లకు పైగా కంటిన్యుటీ చూశాను. అదేం ఉద్యోగమని అడిగేవాళ్లకు ఇలా చెబుతాను: ఇవాళ తీసిన షాట్‌లో హీరో చొక్కాకి రెండో బొత్తాం ఊడి ఉంటే, నెల తర్వాత తీసే దాని పక్క షాట్‌లో కూడా అదే బొత్తాం ఊడి ఉండేలా చూడటం. బాగా చేస్తే ఎవరి కంటా పడదు. చెడగొడితే లోకమంతా చూస్తుంది. దాదాపు అరవై సినిమాలు బాగా చేశాను. ఒక్కటి చెడగొట్టాను. పేరు దేనివల్ల వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

అది నా రెండో సినిమా. నిధి కోసం కొండలెక్కి, నదులు దాటి, గుహలో దూరే సాహస చిత్రం. హీరో మెడలో ఎర్ర రుమాలు కట్టుకుని గుహలోకి వెళ్తాడు. వెనకాలే దారి పటాలు గీసే ముసలాయన లాంతరు పట్టుకుని వస్తాడు. లోపల నీళ్లు పొంగుతాయి, ఇద్దరూ విడిపోతారు. హీరో ఒక్కడే పరుగెత్తుకుంటూ బయటికొస్తాడు, మెడలో రుమాలు ఉండదు. తర్వాతి సీన్లో ముసలాయన చెట్టుకింద కూర్చుని తాపీగా రొట్టె తింటుంటాడు. ఆయన ఎలా బయటపడ్డాడో ఆ దర్శకుడికే తెలియదు. జనం దాన్ని క్షమించేశారు. రుమాలును మాత్రం క్షమించలేదు.

అసలు జరిగింది ఇదీ. గుహ లోపలి భాగం సెట్‌లో తీశాం. బయటి భాగం ఐదు వారాల తర్వాత నిజం కొండ దగ్గర తీశాం. ఆ రోజుల్లో ప్రతి షాట్‌కూ ఫొటో తీసి, నోటుపుస్తకంలో జిగురుతో అంటించి, పక్కన వివరాలు రాసుకునేదాన్ని. గుహ రోజున జిగురు కాస్త ఎక్కువ పూశాను. రెండు పేజీలు అతుక్కుపోయాయి. 'మెడలో రుమాలు, ముడి ఎడమవైపు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్న పేజీ కొండ దగ్గర నా కంటపడనే లేదు. పోనీ, రుమాలైనా కంటపడిందా అంటే అదీ లేదు. బట్టల విభాగంలో ఒక బుద్ధిమంతుడు బురదయిందని దాన్ని శుభ్రంగా ఉతికి, దండెం మీద ఆరేశాడు. నాతో ఒక్క మాట అన్నాడా, లేదు. ఆ మనిషినే తర్వాత పెళ్లి చేసుకున్నాను. జీవితాంతం కోపం తీర్చుకోవడానికి అంతకన్నా మంచి మార్గం దొరకలేదు.

సినిమా విరగబడి ఆడింది. రుమాలు ఎక్కడికి పోయిందో ఊహించండి అని ఒక పత్రిక పోటీ పెట్టింది. మేక తినేసిందని రాసినాయనకు మొదటి బహుమతి వచ్చింది. ఆ తర్వాత నేను ఏ సినిమాకి వెళ్లినా మొదటిరోజే ఎవరో ఒకరు "అక్కా, రుమాలు జాగ్రత్త" అనేవాళ్లు. పైకి నవ్వేదాన్ని. లోపల తల కొట్టేసినట్టుండేది.

అందుకే ఆ సినిమాను మళ్లీ కొత్తగా తీస్తున్నారని, తీసేది మా అక్క కూతురేనని తెలిసినప్పుడు నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఇకనుంచి జనం గుర్తుపెట్టుకునేది కొత్త సినిమానే. అందులో హీరో రుమాలుతో బయటికొస్తే చాలు, నా తప్పు పాతసామాన్ల గదిలోకి పోతుంది.

మా అక్క కూతుర్ని ఇంట్లో ఎందుకమ్మ అని పిలుస్తాం. మాటలు వచ్చినప్పటి నుంచి దానికి ఉన్న ప్రశ్న అదొక్కటే. సెలవులన్నీ మా ఇంట్లోనే గడిపేది. ఫోన్ చేసి, "పిన్నీ, నువ్వొచ్చి దగ్గరుండి కంటిన్యుటీ చూడాలి," అంది.

"వస్తాను. ఒక్కటే షరతు. హీరో గుహలోంచి రుమాలుతో బయటికి రావాలి."

"నువ్వు రా పిన్నీ, చూద్దాం."

చూద్దాం అన్నవాళ్లు ఎవరూ చూడరని తెలియనిదాన్ని కాను. సంతోషంలో పట్టించుకోలేదు.

మూడు వారాలు కంట్లో వత్తులు వేసుకుని పనిచేశాను. ఇప్పుడు జిగురు లేదు, నోటుపుస్తకం లేదు. కంటిన్యుటీ చూసే ఆయన, నలభై దాటిన నెమ్మదస్తుడు, అన్నీ ట్యాబ్‌లో రాసుకుంటాడు. గుహ లోపలి సీను ఎప్పుడు అడిగినా, ఇంకా రాస్తున్నామని ఎందుకమ్మ దాటేసేది. చివరికి బయటికొచ్చే షాట్ తీసే రోజు వచ్చింది. ట్యాబ్‌లోకి తొంగిచూశాను. 'లోపలికి: రుమాలు ఉంది. బయటికి: లేదు.'

"తప్పు రాశారు," అన్నాను.

"లేదు మేడమ్. డైరెక్టర్ గారే దగ్గరుండి రాయించారు," అన్నాడాయన.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తిన్నగా ఎందుకమ్మ దగ్గరికి వెళ్లాను.

"ఏమే, నా మీద జోకేస్తున్నావా?"

"జోకు కాదు పిన్నీ."

"మరి రుమాలేదీ?"

"సినిమా చూస్తే తెలుస్తుంది. ఇప్పుడు చెప్తే నువ్వు తీసెయ్యమంటావు."

"ఇన్నేళ్లు నవ్వులపాలయ్యాను, చాలదా? అదీ నా చేతుల్లో పెరిగిన పిల్ల నవ్వులపాలు చెయ్యాలా?"

అది ఏదో చెప్పబోయింది. వినలేదు. సంచీ భుజాన వేసుకుని వచ్చేశాను. చాలా బాధపడ్డాను. ఊరందరూ నవ్వడం వేరు, అది నవ్వడం వేరు.

ఆ తర్వాత ఆరు నెలలు దాని ఫోన్ ఎత్తలేదు. మా ఆయన మాత్రం బాల్కనీలోకి పోయి గుసగుసగా మాట్లాడేవాడు, నాకేదో వినపడనట్టు. ప్రివ్యూకి పిలుపొచ్చింది, ఆదివారం ఉదయం పదకొండు గంటలకు. మా ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ, "నేనైతే వెళ్తున్నాను. నువ్వు రాకపోతే నీ సీట్లో గొడుగు పెట్టుకుంటా," అన్నాడు.

గొడుగుకి నా సీటు ఇవ్వడం ఇష్టంలేక వెళ్లాను. నోటుపుస్తకం, పెన్ను కూడా తీసుకెళ్లాను. తప్పులు ఏరి దాని మొహాన కొట్టాలని.

ఒప్పుకోక తప్పదు, అరగంటలోనే పెన్నుకి మూత పెట్టేశాను. మేం తీసిన నది ఒక పంపు, రెండు తొట్లు. ఇక్కడ నది చూస్తే నా చెప్పులు తడుస్తాయేమోనని కాళ్లు పైకి లాక్కున్నాను. మా హీరోకి భయమంటే తెలియదు, అందుకే వాడికేమవుతుందోనని ఎవరికీ బెంగ ఉండేది కాదు. వీడికి ఎత్తంటే భయం. వంతెన మీద వాడు ఒక్కో అడుగు వేస్తుంటే మా ఆయన నా చెయ్యి నలిపేశాడు.

గుహ వచ్చింది. నీళ్లు పొంగాయి. ఇద్దరూ విడిపోయారు. హీరో ముందు మూడు దారులు. ఒకదాంట్లోంచి గాలి వస్తోంది, అదే బయటికి దారి. పరుగందుకున్నాడు. మా హీరో అక్కడ పరుగెత్తి బయటపడ్డాడు. వీడు నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి చూశాడు. మోకాళ్ల లోతు నీళ్లలో తిరిగొచ్చి, మెడలోని రుమాలు విప్పి, ఆ దారి మొదట్లో ఉన్న రాతికొనకు కట్టాడు. ముడి ఎడమవైపు. అప్పుడు వెళ్లాడు.

కాసేపటికి ముసలాయన వచ్చాడు. లాంతరు కొడిగడుతోంది. ఒక దారి చూశాడు, రెండో దారి చూశాడు. మూడోదాని దగ్గర ఎర్రగా ఏదో కనిపించింది. ఆయన మొహం వెలిగింది. హాల్లో నా వెనక ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు.

అప్పుడు గుర్తొచ్చింది. ఎందుకమ్మకు ఏడేళ్లు. జ్వరంతో మా సోఫాలో పడుకుని, క్యాసెట్ వేయించుకుని నా సినిమా చూస్తోంది. "పిన్నీ, రుమాలు ఎందుకు లేదు?" అని అడిగింది. అందరూ నవ్వడానికి అడిగారు, అదొక్కటే నిజంగా అడిగింది. దాని ముందు చిన్నబోవడం ఇష్టంలేక నోటికొచ్చింది చెప్పాను. "వెనక తాత ఉన్నాడుగా. ఆయనకి దారి తెలియాలని హీరో కట్టేసి వచ్చాడు." "మరి చూపించలేదేం?" అంది. "అన్నీ చూపిస్తారేంటి, పడుకో," అన్నాను.

నా అబద్ధాన్ని అది ఇంత పెద్ద తెర మీద నిజం చేసిపెట్టింది. నాకు కన్నీళ్లు ఆగలేదు. మా ఆయన జేబులోంచి రుమాలు తీసిచ్చి, "శుభ్రంగానే ఉంది, నేనే ఉతికాను," అన్నాడు.

సినిమా అయ్యాక ఎందుకమ్మ హాలు గుమ్మం దగ్గర గోళ్లు కొరుక్కుంటూ నిలబడి ఉంది. పక్కనే ట్యాబ్ పట్టుకుని ఆ నెమ్మదస్తుడు.

"నేను చెప్పింది అబద్ధమని ఎప్పుడు తెలిసిందే?" అన్నాను.

"పన్నెండేళ్లప్పుడు. ఉతికి ఆరేశానని బాబాయే చెప్పేశాడు."

మా ఆయన వైపు చూశాను. ఆయన సీలింగ్ ఫ్యాను పరీక్షిస్తున్నాడు.

"ఆ రోజు ఏడ్చాను పిన్నీ. సినిమాలో హీరో తాతని వదిలేసి వచ్చేశాడని అప్పుడు అర్థమైంది. నువ్వు చెప్పిన హీరోనే మంచోడు. ఎప్పటికైనా వాణ్ణే తీయాలనుకున్నా."

దాన్ని దగ్గరికి తీసుకున్నాను. ఆరు నెలలు ఫోన్ ఎత్తనందుకు సిగ్గుపడ్డాను, ఆ మాట దానితో అన్నాను కూడా. కానీ ఉద్యోగబుద్ధి ఎక్కడికి పోతుంది.

"ఒకటి చెప్పనా? రుమాలు చూసినప్పుడు తాత లాంతరు కుడిచేతిలో ఉంది. బయటికొచ్చేసరికి ఎడమచేతిలో ఉంది."

ఎందుకమ్మ మొహంలో నెత్తుటిచుక్క లేదు. నెమ్మదస్తుడు ట్యాబ్ తీసి గబగబా వెతికి, నిజమేనని తలూపి, ఇంకా నెమ్మదస్తుడైపోయాడు. విడుదల శుక్రవారం, మళ్లీ తీసే ప్రశ్నే లేదు.

"ఇప్పుడెలా పిన్నీ?"

తీరిగ్గా పెన్ను, నోటుపుస్తకం సంచీలో సర్దుకున్నాను. నేను అన్నేళ్లు పడ్డాను, అది ఒక్క నిమిషం పడితే నష్టం లేదనిపించింది.

"కంగారెందుకు? ముడి విప్పడానికి కుడిచెయ్యి ఖాళీ కావాలి కదా, లాంతరు ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. రుమాలు విప్పి జేబులో దాచుకున్నాడు, బయటికెళ్లాక హీరోకి తిరిగిద్దామని."

ముప్పై మూడేళ్ల ఎందుకమ్మ కళ్లు పెద్దవి చేసుకుని నా వైపు చూసింది.

"మరి చూపించలేదేం?"

"అన్నీ చూపిస్తారేంటి," అన్నాను.