సమాధి దగ్గరికి వెళ్లిన ఆడవాళ్లు

గుడ్ ఫ్రైడే మర్నాటి సాయంత్రం ఇంట్లో నలుగురూ వంటింటి బల్ల చుట్టూ చేరారు. ఏటా అత్తగారు నడిపించే పద్ధతి అది: ప్రభువుని సిలువ వేసి, ఆయన మళ్లీ లేచిన ఆ మూడు రోజుల కథ చదువుకోవడం, ఒక్కొక్కరూ అందులో ఒకరి మనసు ఎలా ఉండి ఉంటుందో చెప్పడం.

కోడలికి తన మనసే చేతిలో లేదు. ఆమె యూనిఫాంలు కుట్టే దుకాణంలో బట్ట కత్తిరిస్తుంది. కిందటి వారం స్నానం చేస్తుంటే రొమ్ములో గట్టిగా ఏదో చేతికి తగిలింది. ఎవరితోనూ అనకుండా ఆసుపత్రికి వెళ్లి, పరీక్షకి సూదితో ముక్క తీయించుకుని వచ్చింది. పండగ వెళ్లాక సోమవారం రమ్మన్నారు. అప్పట్నుంచీ ముద్ద దిగడం లేదు. ఎవరైనా అడిగితే పని ఎక్కువైందంటోంది.

స్కూలు బస్సు నడిపే ఆమె భర్త, ప్రభువు శిష్యుడైన పేతురు గురించి చెప్పాడు. అంతటి మనిషీ ప్రాణభయంతో ఆయనెవరో తెలీదని బుకాయించి, కోడి కూయగానే తన మొహం తనే చూసుకోలేకపోయి ఉంటాడన్నాడు. అత్తగారు ప్రభువు తల్లి మరియ గురించి చెప్పింది. అత్తగారు కూడా పెద్దకొడుకుని పోగొట్టుకున్న మనిషే.

"శుక్రవారం చుట్టూ జనం ఉంటారు. ఆ మర్నాడే కష్టం. ఏమీ ఉండదు, ఎదురుచూడ్డం తప్ప."

తర్వాతి భాగం కోడలి కూతురు చదివింది. తెల్లవారుతుండగా ఆడవాళ్లు సమాధి దగ్గరికి వెళ్లారు. ఆయన లేచాడన్న కబురు విన్నారు. వణుకుతూ పారిపోయారు. భయపడి ఎవరికీ ఏమీ చెప్పలేదు.

"అమ్మా, నీ వంతు. మంచి కబురే కదా, ఎందుకు చెప్పలేదు వాళ్లు?"

ఏదో ఒకటి అనేసి గట్టెక్కుదామనుకుంది. కానీ మాట వేరేగా వచ్చింది.

"మంచో చెడో తర్వాత సంగతి. నోరు విప్పితే నిజమైపోతుందని భయం. ఇంట్లోవాళ్ల మొహాలు చూడాల్సొస్తుందని ఇంకో భయం."

భర్త ఆమె వంకే చూస్తున్నాడు. "ఎవరి గురించి చెప్తున్నావు నువ్వు?"

ఇక దాచలేకపోయింది. గడ్డ సంగతి, సూది సంగతి, సోమవారం సంగతి అన్నీ చెప్పేసింది. అతను లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

"పక్కనే ఉన్నాను కదా," అన్నాడు చివరికి. కోపమో బాధో అతనికే తెలియలేదు.

అత్తగారు కుర్చీ జరుపుకుని వచ్చి కోడలి వీపు నిమరసాగింది. కూతురు మాత్రం సూటిగా అడిగింది, "చచ్చిపోతావా?" అని.

"తెలీదు తల్లీ," అంది ఆమె. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

మర్నాడు చర్చిలో అందరూ లేచి నిలబడి పాడుతుంటే ఆమె కూడా లేచింది. భయం ఎక్కడికీ పోలేదు. కానీ ఒక పక్క భర్త, ఒక పక్క అత్తగారు భుజాలు ఆనించి నిలబడ్డారు. అతను పాట మధ్యలో ఆగి ముక్కు చీదుకున్నాడు.

సోమవారం నలుగురూ వెళ్లారు. అది క్యాన్సరేనని డాక్టరమ్మ చెప్పింది. మొదట్లోనే దొరికింది, ఆపరేషన్ చేసి మందులు వాడితే నయమయ్యే అవకాశం బాగా ఉందంది. భర్త ఆపరేషన్ ఎప్పుడని అడిగాడు. అత్తగారు ప్రతి మాటా రెండోసారి చెప్పించుకుంది.

బయటికొచ్చాక కూతురు అమ్మ సంచి తన భుజానికి తగిలించుకుంది.

"నాకింకా భయంగానే ఉందండీ," అంది ఆమె మెట్లు దిగుతూ.

"నాకూ," అన్నాడతను. "పద, ముందు ఏమన్నా తిందువుగాని."