ఎర్ర బల్బుకు కట్టిన దిష్టి దారం

దాలమ్మ కోడిపిల్లలకి పట్టపగలే ఎర్రలైటు వేసిందట, పశువుల సాల లోపల రికార్డింగ్ డాన్సు పెట్టినట్టుందట. పక్కింటి ఎర్రయ్యమ్మ నూతికాడ ఈ మాట అందట. ఆమె బిందె ఇంటికి చేరేలోపు వీధంతా తెలిసిపోయింది.

ఆ లైటు నేనే. నేను ఒక వేడి బల్బును. నెత్తిన రేకు గొడుగు, మూతికి ఇనప జాలీ. వెలుగివ్వడం నాకు పక్కపని, అసలు పని వేడి ఇవ్వడం. ఒక పెద్ద కోళ్లఫారంలో చాన్నాళ్లు వేలాడాను. వాళ్లు గ్యాసు పొయ్యిలు తెచ్చుకుని నన్ను పాతసామాన్ల బండికెక్కించారు. ఆ బండి మీంచి నన్ను ఏరుకున్నది దాలమ్మ కోడలు నీలవేణి.

అవసరం అలా వచ్చింది. గుడ్లు పొదిగి పిల్లల్ని లేపిన కోడిపెట్టని కుక్క ఎత్తుకుపోయింది. పైన శ్రావణం ముసురు. బుట్టెడు పిల్లలు కప్పే రెక్క లేక వణుకుతున్నాయి. ఏడాది పొడుగునా దాలమ్మ పెంచుకునే మంద అదే. తల్లి రెక్క ఎలా ఉంటుందో నాకు తెలీదు గానీ, దాని పని మాత్రం నాకు బాగా వచ్చు.

నీలవేణి నన్ను గొలుసుతో దూలానికి వేలాడదీసింది. గొలుసు జారితే పట్టుకోడానికి పక్కన ఇంకో తీగ బిగించింది. ఎత్తు ఎంతుండాలో పిల్లల్నే అడిగింది. నా కింద ఒకదాని మీదొకటి ఎక్కితే కిందికి దించింది, గోడలకంటుకుని నోళ్లు తెరిస్తే పైకి లాగింది. చివరికి అవి సాలంతా చెదిరి ఊకలో గీరుకోవడం మొదలెట్టాయి.

"అత్తా, దీనికేటీ కట్టకు. దగ్గర్లో గుడ్డా తాడూ ఉంచకు," అని చెప్పి నాట్లకి పోయింది.

దాలమ్మ వినే మనిషే. కానీ చూడ్డానికొచ్చినోళ్లంతా "అబ్బ, ఎంత ముద్దుగున్నాయో" అనడం ఆమె గుండెలో గుచ్చుకుంది. నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చిన దారం తెచ్చి నా జాలీకి ముడేసింది. దిష్టి నన్నేం చేస్తుంది? నాకు తగిలింది దారమే.

సాయంత్రానికి మిరపకాయలు ఎండి, మాడి, దారం తెగి ఊకలో పడ్డాయి. ఊక రాజుకుంది. మిరపఘాటు గోడ దాటి ఎర్రయ్యమ్మ ముక్కుకెక్కింది. "ఓలమ్మో, దాలమ్మా!" అని ఆమె దగ్గుతూ పెట్టిన కేక, అప్పుడే చేను నుంచొస్తున్న నీలవేణికి వినపడింది. వస్తూనే ప్లగ్గు పీకింది. పిల్లల్ని బుట్టలోకి ఎత్తింది. బిందెడు నీళ్లు ఊక మీద గుమ్మరించింది, నా మీద చుక్క పడనివ్వలేదు. కాలుతున్న గాజు మీద చన్నీళ్లు పడితే నేను పగిలిపోయేదాన్నే.

పిల్లలన్నీ దక్కాయి. తడి ఊక ఎత్తిపోసి, పొడి ఊక పరిచి, జాలీకంటుకున్న మసి గీకి నీలవేణి నన్ను మళ్లీ వెలిగించింది. పిల్లలు ఏమీ జరగనట్టే నా కిందికొచ్చాయి.

ఎర్రయ్యమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ తేల్చేసింది. "ఎంత దిష్టి తగిలిందో సూడే, దారం మాడి మసైపోయింది! అది కట్టబట్టే పిల్లలు బతికాయి."

"మరే," అంది దాలమ్మ, ఇంకో నిమ్మకాయ ఎక్కడుందా అని చూస్తూ.

నీలవేణి గొలుసు ఇంకోసారి లాగి చూసుకుని ఇద్దరివైపూ తిరిగింది.

"దారమే లేకపోతే కాలడానికేటుందత్తా?"