ఇస్త్రీ చేసిన నాటకం

ఆ నాటక సమాజంలో అందరూ ఆవిడని బొత్తాల పిన్ని అనేవాళ్ళు. ముప్పై ఐదేళ్ళుగా వేషాల బట్టలన్నీ ఆవిడ చేతి కుట్టే. నాటకాలు రాసేది ఆవిడ అన్నయ్య. ఆయనదో మొండిపట్టు: రాసిన నాటకానికి రెండో ప్రతి ఉండకూడదు. జిరాక్స్ తీస్తే పక్క సమాజం వాళ్ళు ఎత్తుకుపోతారట! సిరా కలంతో ఒకే ఒక్క నోటుపుస్తకంలో రాసేవాడు. ఆయన చదువుతుంటే విని నటులు నేర్చుకోవాల్సిందే. ఎవరైనా ఫోన్ తీసి ఫొటో కొట్టబోతే కస్సుమని లేచేవాడు.

కిందటేడు మ్యూజియం నుంచి ఒక మేడమ్ వచ్చి, వరదొస్తే ఏం చేయాలో రెండు గంటలు చెప్పింది. ఎవరు ఏది ముందు మోయాలో రాసి గోడకి అంటించింది. నోటుపుస్తకాల పెట్టె పిన్ని వంతు. "తడిసిన కాగితాలు విప్పకండి, వేడి తగలనివ్వకండి. కవర్లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టి నాకు ఫోన్ చేయండి" అని కూడా చెప్పింది. "పుల్ల గుచ్చి ఐస్‌ఫ్రూట్ చేస్తారా మేడమ్?" అన్నాడు హాస్యం వేషాలు కట్టే ఆయన. అందరూ పగలబడి నవ్వారు. పిన్నీ నవ్వింది.

ఒక మధ్యాహ్నం నిజంగానే నీళ్ళొచ్చాయి. కాలువ గట్టు తెగిందని ఎవరో అరిచేసరికే సమాజం సామానంతా దాచే నేలమాళిగలో మోకాలి లోతు. పిన్ని ఒక్క పరుగున దిగింది. ఎడమవైపు పెట్టె. కుడివైపు కొత్త నాటకానికి కుట్టిన ఇరవైమూడు వేషాలు. ఎటు పోవాలో గోడమీద రాసే ఉంది. అయినా చేతులు బట్టల మీదికే పోయాయి. మూడు విడతల్లో అన్నీ పైకి చేర్చింది. నాలుగోసారి దిగేసరికి నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. పెట్టె ఎక్కడుందో తెలియలేదు.

మూడోరోజు నీళ్ళు తగ్గాక, బురదలో పెట్టె దొరికింది. పాత నాటకాలు నటులకి కంఠతా వచ్చు; ఇంకా ఎవరికీ చదివి వినిపించని కొత్త నాటకం పుస్తకం ఉబ్బిపోయి ఉంది. అట్ట ఎత్తి చూసింది. మొదటి పేజీలో అక్షరాలు కాస్త అలుక్కున్నాయి గానీ చదవడానికి వస్తున్నాయి. హమ్మయ్య అనుకుంది. అప్పుడే మేడమ్‌కి ఫోన్ చేసి ఉంటే ఎంత బాగుండేది! చేస్తే పెట్టె వదిలేసిన సంగతి అన్నయ్యకి తెలిసిపోదూ? గుండె ఆపరేషన్ అయిన మనిషి, మర్నాడే వస్తానన్నాడు. ఆలోపు ఆరబెట్టేస్తే ఎవరికీ ఏమీ తెలియదు.

తడిబట్టని ఆవిడ ఏం చేస్తుంది? ఇస్త్రీ చేస్తుంది. కాగితాన్నీ అదే చేసింది పిచ్చితల్లి. పైన పల్చని గుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె నడిపింది. మొదటి పేజీ చక్కగా ఆరింది. ఆ సంతోషంలో వేడి పెంచింది. రెండోది మూడోదానికి అంటుకుంది. ఆవిరికి సిరా కరిగి పేజీ అంతా నీలం కమ్మింది. విడదీయబోతే చిరిగింది, అదిమితే ఇంకా అతుక్కుంది. సాయంత్రానికి పుస్తకం మొత్తం చెక్కలా బిగుసుకుపోయింది. పిన్ని నేలమీద కూలబడి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

మర్నాడు అన్నయ్యతో పాటు, వరద సంగతి విని మ్యూజియం మేడమ్ కూడా వచ్చింది. పుస్తకం తిప్పి చూసింది. వెనక అట్టమీద ఇస్త్రీపెట్టె మొన తగిలి కాలిన మరక. మేడమ్ కళ్ళెత్తి పిన్నిని చూసి, అట్టని అరచేత్తో కప్పేసింది.

"వరద నీళ్ళండీ. ఎవరేం చేయగలరు?" అంది.

అన్నయ్య కుర్చీలో కూలబడ్డాడు. "నాలుగేళ్ళు రాశాను. మళ్ళీ రాయడానికి డాక్టరు అన్నేళ్ళు ఇస్తాడా?" అన్నాడు. కాసేపటికి చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు ఏడవకే. ప్రాణానికి తెగించి ఆ బట్టలైనా తెచ్చావు. నీళ్ళ తప్పుకి నువ్వేం చేస్తావు?"

తిట్టినా బాగుండేది. ఆ మాటకి పిన్ని ఉండబట్టలేకపోయింది. "నీళ్ళు కాదన్నయ్యా, నేనే. పెట్టె వదిలేసి బట్టలు మోశాను. దొరికాక చదవడానికి వచ్చేలాగే ఉంది. నీకు తెలియకూడదని ఇస్త్రీ చేశాను."

ఆయన మేడమ్ వైపు తిరిగాడు. "ఫ్రీజర్‌లో పెట్టి ఉంటే దక్కేదా?"

"చాలావరకు దక్కేదండీ," అందావిడ తలొంచుకుని.

ఆయన చెల్లెలి చెయ్యి వదిలేశాడు.

"మేడమ్ దాచింది కదే. నువ్వెందుకు దాచలేదు? నీళ్ళని తిట్టుకుంటూ పోయేవాణ్ణి. ఇప్పుడు నిన్ను తిట్టుకుంటూ పోవాలా?"